ఒకరోజు 71, ఒకరోజు 88: నీళ్ళతో చల్లబడే కంప్యూటర్ డైరీ

ఏప్రిల్ 24

ముందు సామాను సంగతి రాసిపెడతాను, తర్వాత వెతుక్కోకుండా. రైజెన్ 9 5900ఎక్స్ ప్రాసెసర్, 12 కోర్లు (ఎవరి లెక్క వాళ్ళు చేసుకునే భాగాలు). దాని నెత్తిన నికెల్ పూత వేసిన రాగి వాటర్ బ్లాక్, అంటే లోపల నీళ్ళు పారుతూ ప్రాసెసర్ వేడిని లాక్కునే దిమ్మ. ఆ నీళ్ళ వేడిని గాలికి వదిలే 360 మిల్లీమీటర్ల రాగి రేడియేటర్, దానికి మూడు ఫ్యాన్లు. డీ5 పంపు, దాని మీదే కూర్చున్న చిన్న నీళ్ళ ట్యాంకు. లోపల నీళ్ళు కనిపించే మెత్తటి పైపులు. తిరిగే నీళ్ళు మొత్తం లీటరుకు కాస్త తక్కువ. సంక్రాంతి సెలవుల్లో నేనూ తమ్ముడూ హాల్లో చాప వేసుకుని బిగించాం. గాలి కూలర్ చాలదా అంటే, చాలు. ముచ్చటపడి పెట్టుకున్నాను, అంతే.

నా పని ఇళ్ళ ఎలివేషన్ బొమ్మలు. రాత్రి రెండర్ (గీసిన నమూనాను కంప్యూటర్ ఫోటోలాంటి బొమ్మగా మార్చే పని) పెట్టి పడుకుంటే పొద్దున లేచేసరికి బొమ్మ సిద్ధంగా ఉండాలి. నెల్లూరు వేదాయపాళెంలో మేడమీద గది మాది. నెత్తిన శ్లాబు, శ్లాబు నెత్తిన సూర్యుడు.

రాత్రి జీ ప్లస్ టూ ఇంటి బొమ్మ పెట్టాను. పదకొండింటికి చూస్తే ప్రాసెసర్ 88 డిగ్రీలు. ఇదే ఫైలు మొన్న 71 దగ్గర నడిచింది. దీనికి కంపెనీ పెట్టిన హద్దు 90. అక్కడికి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. భయమేసి ఆపేశాను. పొద్దున మళ్ళీ వేస్తే 71. నేనేమీ ముట్టుకోలేదు.

ఏప్రిల్ 27

ఇంట్లో అందరి మాటా ఒకటే: "ఎండలు కదా." అది తేల్చడానికి అమ్మ వంటింట్లో పెట్టుకున్న డిజిటల్ థర్మామీటరు తెచ్చి కేసు పక్కన పెట్టాను. రోజూ అదే ఫైలు, అరగంట. గది ఎంత, ప్రాసెసర్ ఎంత, ఎన్ని వాట్లు తాగుతోంది, మూడూ పుస్తకంలో రాయడం.

ఎండకు కొంత వాటా ఉంది. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసరూ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ మాత్రం నడిచి, ఏసీ ఆగినప్పుడు గది 31 నుంచి 36కి పోయింది. ప్రాసెసర్ 71 నుంచి 76కి పోయింది. లెక్క సరిపోయింది. అదే రాత్రి ఏసీ వేసి, గది 31 ఉండగా 87. ఈ పదహారు డిగ్రీలు సూర్యుడి ఖాతాలో వేయలేను.

వాట్లు మాత్రం మంచి రోజూ చెడ్డ రోజూ ఒకటే: 142. ఈ ప్రాసెసర్‌కు మదర్‌బోర్డు ఇవ్వనిచ్చే మామూలు హద్దు అదే. అంటే వేడి పుట్టడంలో తేడా లేదు, వేడి బయటికి పోవడంలోనే ఉంది. వోల్టేజీలు, బయోస్ (మదర్‌బోర్డు లోపలి ప్రోగ్రాం) సెట్టింగులు చూడాల్సిన పని తప్పింది. సగం టెన్షన్ అక్కడే తగ్గింది.

ఏప్రిల్ 29

చిన్న విషయం, దీనికీ మన జబ్బుకూ సంబంధం లేదు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా అంకె 42 నుంచి 55కి ఎగిరి మళ్ళీ దిగుతోంది, ఫ్యాన్లు దానివెంట అరుస్తున్నాయి. బ్రౌజర్ తెరిచినా చాలు. రైజెన్ల తీరే అంత: ఒక్క కోరుకు చిన్న పని దొరికినా ఒక్కసారిగా వేగం పెంచుతుంది, గోరంత చోట వేడి పుట్టి వెంటనే పోతుంది. (మొదటి తరం రైజెన్లు 1700ఎక్స్, 1800ఎక్స్ అయితే ఉన్నదానికి 20 డిగ్రీలు కలిపి చూపించేవి, అన్ని మోడళ్ళకూ ఫ్యాన్లు ఒకే తీరుగా నడవాలని. అప్పట్లో ఎంతమంది కంగారుపడి ఉంటారో.) లీటరు నీళ్ళు అలా క్షణాల్లో వేడెక్కవు కాబట్టి ఫ్యాన్లను నీళ్ళ వేడిని బట్టి నడపాలి. నీళ్ళ వేడి కొలిచే సాధనం నా దగ్గర లేదు. పైపు దారిలో బిగించే సెన్సర్ ఒకటి ఆర్డరు పెట్టాను.

మే 3

కంప్యూటర్ వేడి అంకెలు రాసిపెట్టే లాగ్‌లో ఇంకో వరుస కంటపడింది. 5900ఎక్స్ పైకి ఒకటే బిళ్ళలా కనిపించినా మూత కింద ఆరేసి కోర్ల ముక్కలు రెండు ఉంటాయి. రెంటి వేడీ విడివిడిగా చూపిస్తుంది. మంచి రోజు మొదటి ముక్క 71, రెండోది 69. చెడ్డ రోజు మొదటిది 88, రెండోది 76.

ఒకవైపే కాలుతోంది! బ్లాక్ ఏటవాలుగా కూర్చుంది, పేస్టు (ప్రాసెసర్‌కూ బ్లాక్‌కూ మధ్య వేడిని దాటించే పూత) ఒకవైపు సరిగ్గా పరుచుకోలేదు, ఇంకేముంటుంది అనుకున్నాను. బ్లాక్ ఊడదీసి, పాత పేస్టు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది వేసి, స్క్రూలు ఎదురెదురువి కొద్దికొద్దిగా తిప్పుతూ బిగించాను. పాత పేస్టు అచ్చు చూస్తే అంతటా సమంగానే పరుచుకుని ఉంది. ఆ సంగతి అప్పుడే పట్టించుకోవాల్సింది.

సాయంత్రం 70. రాత్రంతా 71. తమ్ముడికి ఐస్‌క్రీం కొనిపెట్టాను.

మే 6

రెండు రోజులు కంప్యూటర్ ఆపకుండా ఒక అపార్ట్‌మెంటు వాక్‌త్రూ (లోపల తిరిగి చూస్తున్నట్టు ఉండే వీడియో) నడిపాను. డెబ్బై ఒకటి దాటలేదు. నిన్న రాత్రి ఆపి, పొద్దున వేశాను. 87.

ఐస్‌క్రీం డబ్బులు తిరిగి ఇవ్వనన్నాడు.

మే 11

సెన్సర్ వచ్చింది. ట్యాంకులోకి నీళ్ళు తిరిగొచ్చే చోట బిగించాను. మదర్‌బోర్డు మీద దాని కోసం రెండు పిన్నుల చోటు ఉంది. ఇప్పుడు నా చేతిలో మూడు అంకెలు: గది, నీళ్ళు, ప్రాసెసర్.

మంచి పూట: గది 31, నీళ్ళు 40, ప్రాసెసర్ 71.
చెడ్డ పూట: గది 31, నీళ్ళు 40, ప్రాసెసర్ 87.

ఈ రెండు వరుసలూ పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. వేడి ప్రాసెసర్ నుంచి నీళ్ళలోకి, నీళ్ళ నుంచి గాలిలోకి పోవాలి. రెండు మజిలీలు. రెండో మజిలీ, అంటే రేడియేటరూ ఫ్యాన్లూ, మంచి పూటా చెడ్డ పూటా తొమ్మిది డిగ్రీల తేడాతోనే ముగిస్తోంది. పాడవుతున్నది మొదటి మజిలీ ఒక్కటే: ఒకసారి 31 డిగ్రీల తేడా, ఒకసారి 47. ఇన్నాళ్ళూ ప్రాసెసర్ అంకె ఒక్కటే చూసి కొట్టుకున్నాను. అందులో గది వేడి, రేడియేటర్ పనితనం, బ్లాక్ పనితనం అన్నీ కలిసిపోయి ఉంటాయి, ఏది ఎంతో చెప్పదు.

రేడియేటర్ దులుపుదామనుకున్న పని మానుకున్నాను. మానుకున్నానన్నమాటే గానీ దుమ్ము మాత్రం బాగానే ఉంది, అది వేరే రోజు.

మే 14

మొదటి మజిలీలో అనుమానించదగ్గవి మూడు: పేస్టు, పంపు, లోపల ఎక్కడైనా చిక్కుకున్న గాలి. పేస్టు అయిపోయింది.

పంపు చక్రం ఎప్పుడు చూసినా నిమిషానికి 3600 చుట్లకు అటూఇటూ. కానీ చక్రం తిరుగుతోందంటే నీళ్ళు పారుతున్నాయని కాదు. మేడమీద ట్యాంకుకు మోటారు వేసిన ఎవరికైనా తెలిసిన సంగతే అది.

గాలి కోసం కేసును తమ్ముడూ నేనూ చెరో పక్క పట్టుకుని, పంపు నడుస్తుండగానే ముందుకూ వెనక్కూ పక్కలకూ వంచాం, పసిబిడ్డకు త్రేన్పు తెప్పించినట్టు. నాలుగు బుడగలు వచ్చాయి. ట్యాంకులో మట్టం గీత మందం తగ్గింది. ప్రాసెసర్ 87 దగ్గర అలాగే ఉంది.

మే 17

పొదలకూరు నుంచి మామయ్య వచ్చాడు, ఎప్పటిలా సంచెడు నిమ్మకాయలతో. గదిలోకి వచ్చి కేసు వంక కాసేపు చూశాడు.

"ఏంది పాపా, కరెంటు పెట్టెలో నీళ్ళేంది?"

చెప్పాను. ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు కాలిపోతుంది అని కూడా చెప్పాను. నవ్వలేదు. మోటారు, పైపు అనే మాటలు వినపడితే ఆయన మనిషే మారిపోతాడు.

"ఆపి మళ్ళా ఏస్తే ఏమవతాది?"

"ఒక్కోసారి బాగవుతుంది మామా."

"నడస్తా నడస్తా ఉన్నప్పుడు ఎప్పుడన్నా మారిందా?"

నేను జవాబు చెప్పలేకపోయాను. పుస్తకం తీశాను. మూడు వారాల అంకెలు. మంచి నుంచి చెడ్డకు, చెడ్డ నుంచి మంచికి మారిన ప్రతిచోటా మధ్యలో కంప్యూటర్ ఒకసారి ఆగి ఉంది. నడుస్తుండగా మారింది ఒక్కటీ లేదు. మే 3న పేస్టు పని చేసిందనుకున్నాను గానీ, ఆ పూట కూడా ఆపి వేయడమే జరిగింది. నా చేత్తో నేనే రాసుకున్నవి, నాకే కనపడలేదు.

"మా తోటలో డ్రిప్పు లైన్లో ఇట్టనే పాపా. ఒక చెట్టుకాడ చుక్క రాదు. మోటారు ఆపి మళ్ళా ఏస్తే దూకతాయి నీళ్ళు. లోపల ఏందో నలుసు ఉంటాది. నీళ్ళ తోపుకు పోయి బొక్కకు అడ్డం పడతాది, తోపు ఆగితే పక్కకు జారిపోతాది. ఇప్పి చూడు."

మే 18

విప్పే ముందు ఒక్క పరీక్ష. ఆపడం, రెండు నిమిషాలు ఆగడం, వేయడం, ఐదు నిమిషాల రెండర్, ప్రాసెసర్‌కూ నీళ్ళకూ తేడా రాయడం. నీళ్ళు పూర్తిగా వేడెక్కి స్థిరపడాలంటే అరగంట పడుతుంది గానీ ఈ తేడా ఒకటి రెండు నిమిషాల్లోనే తేలిపోతుంది, కాబట్టి త్వరగా అయింది. పది సార్లు:

30, 31, 47, 30, 46, 31, 30, 48, 30, 47.

ముప్పై చిల్లర, లేదంటే నలభై ఆరు పైన. మధ్యలో 38, 40 లాంటిది ఒక్కటీ లేదు. పేస్టు ఎండితేనో బ్లాక్ వదులైతేనో ఇలా బొమ్మా బొరుసూ ఆడదు, మెల్లగా దిగజారుతుంది. లోపల ఏదో కదిలేది ఉంది.

మే 19

ఈ రోజు పని కాస్త తడి పని. మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టరు ఊడదీసి, దాంట్లో ఆకుపచ్చ తీగ పిన్నును పక్కనున్న నల్లదానితో కలిపితే పవర్ సప్లై ఒక్కటే మేలుకుంటుంది. ప్రాసెసర్‌కు కరెంటు పోకుండా పంపు నడుస్తుంది. తిరిగొచ్చే పైపు ట్యాంకు దగ్గర ఊడదీసి కొలపాత్రలో పెట్టాను. పంపు ఒక్క క్షణం కూడా ఎండకూడదు, దాని బేరింగుకు నీళ్ళే నూనె. అందుకని తమ్ముడు పైనుంచి ట్యాంకులో పోస్తూ ఉన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయం.

మూడు సార్లు అరలీటరు నిండటానికి 9 సెకన్లు. నాలుగోసారి 26.

అంటే నిమిషానికి 3.3 లీటర్లు ఒకసారి, 1.15 లీటర్లు ఇంకోసారి. దొరికింది అనుకుని లెక్క వేస్తే మళ్ళీ చిక్కు. నిమిషానికి లీటరు నీళ్ళు ఒక్కో డిగ్రీ వేడెక్కుతూ దాదాపు 70 వాట్లు మోసుకుపోతాయి. మనవి 142 వాట్లు. ప్రవాహం 1.15 లీటర్లకు తగ్గినా బ్లాక్ దాటేసరికి నీళ్ళు ఇంచుమించు 1.8 డిగ్రీలు వేడెక్కుతాయి, అంతే. పూర్తి ప్రవాహంలో 0.6. తేడా డిగ్రీ చిల్లర. పదహారు డిగ్రీలు ఎక్కడివి?

ఒక ముక్క 88, రెండోది 76 అన్నది అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు తగ్గడం ఒక్కటే కాదు, పడాల్సిన చోట పడటం లేదు. చేనికి మొత్తం తడి సరిపోయినా ఒక మూల కాలవ పూడితే ఆ మూల పైరు ఎండిపోతుంది కదా, అలా.

మే 20

బ్లాక్ విప్పాను. నీళ్ళు వంపేసి, ప్రాసెసర్ మీద నుంచి తీసి, వంటింటి గట్టు మీద తెల్ల తువ్వాలు పరిచి. అలెన్ కీతో కింది స్క్రూలు తీస్తే బ్లాక్ రెండుగా విడిపోయింది. అడుగు రాగి పలక, దాని మధ్యలో దువ్వెన పళ్ళకంటే ఎంతో సన్నగా చెక్కిన రెక్కలు, వెంట్రుకంత సందులతో. దాని పైన పలచటి రేకు, రేకు మధ్యలో నిలువుగా ఒక చీలిక. నీళ్ళు పైనుంచి ఈ చీలికలోంచి రెక్కల నడుమకు దూకి, రెండు పక్కలకూ విడిపోయి బయటికి పోతాయి.

రేకు పైన, చీలిక పక్కన, తెల్లగా ఒక పోగు. ట్వీజర్‌తో తీశాను. రెండు అంగుళాల పొడవుంది, జంధ్యం పోగులా మెలి తిరిగి. తమ్ముడు ఫోన్ లైటు దగ్గరగా పెట్టాడు. గోటితో విప్పితే పలచగా, మెత్తగా, రబ్బరులా కాకుండా సాగి అలాగే ఉండిపోయింది.

టెఫ్లాన్ టేపు. కొళాయి మరలకు చుట్టే తెల్ల టేపు.

చుట్టింది నేనే. సంక్రాంతికి బిగించేటప్పుడు నీళ్ళు కారతాయేమోనని ఐదు ఫిట్టింగులకు చుట్టాను. మా బాత్‌రూమ్ ప్లంబింగ్ చేసిన మేస్త్రీ చుట్టగా చూసి, టేపు లేనిదే నీళ్ళ పని లేదని నా బుర్రలో ముద్ర పడిపోయింది. ఇంటి కొళాయి మరల్లో చాలావాటికి కొస సన్నబడుతుంది, అక్కడ టేపు పని చేస్తుంది. కంప్యూటర్ ఫిట్టింగులవి తిన్నటి మరలు. నీళ్ళను ఆపేది వాటి మెడలోని రబ్బరు రింగు. టేపుకు అక్కడ చేసే పనే లేదు, చిరిగి లోపలికి పోవడం తప్ప.

చీలిక మీద ఆ పోగును తడిపి పెట్టి చూశాను. సగం చీలికను సరిగ్గా కప్పింది. ఆ సగం కిందే మొదటి కోర్ల ముక్క.

రెక్కల సందుల్లో పలచటి తెల్లటి జిగురు కూడా ఉంది, అది వేరే జబ్బు. మెత్తటి ప్లాస్టిక్ పైపుల్లోంచి మెల్లగా ఊరేది. మామయ్య ఫోన్లో, "రాగే కదా, చింతపండేసి తోము, లేకుంటే నేను తెచ్చిన నిమ్మకాయ రుద్దు" అన్నాడు. చెంబుకైతే అలాగే చేసేదాన్ని. దీనికి నికెల్ పూత ఉంది, పులుపు తగిలితే పూత లేవొచ్చు. పసిపిల్లల బ్రష్షు, డిస్టిల్డ్ వాటర్, ఓపిక. గంటన్నర పట్టింది.

మే 22

ఐదు ఫిట్టింగులూ విప్పి టేపు మొత్తం పీకేశాను. మూడింటికి చుట్టు చెక్కుచెదరలేదు. రెండింటి అంచులు చిరిగి ఉన్నాయి. దొరికిన పోగు ఒక్కటే. రేడియేటర్‌ను మూడుసార్లు నింపి, ఊపి, వంపాను. నల్లటి నలుసులు రెండు వచ్చాయి, టేపు రాలేదు.

కొత్త నీళ్ళు బ్యాటరీల కొట్లో కొన్న డిస్టిల్డ్ వాటర్. క్యాన్ నీళ్ళు పోయొచ్చుగా అని తమ్ముడు అడిగాడు. తాగేవాటిలో లవణాలు ఉంటాయి, మన బోరు నీళ్ళ సంగతి సరేసరి, గీజరు కాయిల్ చూస్తే తెలుస్తుంది. పాచి పట్టకుండా, లోహం తినకుండా చూసే మందు సీసా మీద రాసిన కొలతకు కలిపాను. ఫిట్టింగుల కింద టిష్యూ కాగితాలు పరిచి, పంపు ఒక్కటే రాత్రంతా నడిపాం. పొద్దున కాగితాలన్నీ పొడిగా ఉన్నాయి.

పన్నెండు సార్లు ఆపి వేశాను. 30, 29, 30, 30, 31, 29, 30, 30, 29, 30, 30, 30.

మే 28

రోహిణి కార్తె. రోళ్ళు పగులుతాయంటారు, మా శ్లాబు పగల్లేదు గానీ మధ్యాహ్నం కరెంటు పోయి గది 37కి ఎక్కింది. నీళ్ళు 46. ప్రాసెసర్ 76, రెండో ముక్క 74. ఫ్యాన్లు ఇప్పుడు నీళ్ళ వేడిని బట్టి నడుస్తున్నాయి కాబట్టి బ్రౌజర్ తెరిస్తే అరవడం మానేశాయి.

మామయ్యకు ఫోన్ చేసి చెప్పాను. అంకెలు వినలేదు. "డ్రిప్పుకు ముందర ఫిల్టరు పెడతాం గదా, దానికి లేదా?" అన్నాడు. ఉంది. ఇన్నాళ్ళూ అనవసరం అనుకున్నాను. ఆర్డరు పెట్టాను.

జూన్ 6

ఫిల్టరు వచ్చింది, పంపు తర్వాత, బ్లాక్ ముందర బిగించాను. చిన్న గాజు గిన్నె, లోపల స్టీలు జల్లెడ. ప్రవాహం కొంచెం తగ్గింది, అరలీటరుకు 11 సెకన్లు. తేడా మాత్రం ముప్పైలోనే ఉంది.

రెండో టేపు ముక్క ఇంకా జల్లెడలో పడలేదు. రోజూ పొద్దున కాఫీ గ్లాసుతో వెళ్ళి వంగి చూస్తున్నాను. ఈ రాత్రి ఒక కళ్యాణ మండపం బొమ్మలు పెడుతున్నాను, ఎనిమిది గంటల రెండర్.